కాంతికి శ్రుతి గట్టు విద్య

తలవెండ్రుకంత సన్నని గాజుతీగలో నేడు ఏకకాలమున నెన్నియో వర్తమానములు ప్రయాణము చేయుచున్నవి. ఒకరి దావాకాగితము, ఒకరి పెండ్లిపాట, ఒక ఆసుపత్రినుండి మఱియొక యాసుపత్రికి బోవు ఎక్సురే పటము, నేటి ధాన్యపు ధరవరలు, ఇవి యన్నియు నొకే తీగలో నొకదానితో నొకటి కలియక పోవుచున్నవన్నచో నందులకు ముఖ్యకారణ మొకటి కలదు. వర్తమానములను భిన్నవర్ణములుగల కాంతులమీద నెక్కించి పంపుదురు. ఈ వర్ణములు మన కంటికి గనబడునవి కావు. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమునకు అటునిటుగ నుండు పరారుణకాంతు లివి. ఒక వర్ణమునకును దాని పొరుగువర్ణమునకును గల యెడము సుమారు 0.8 నానోమీటరు, కొన్నిచోట్ల నందులో సగము. తీగ చివర నీ వర్ణములను విడదీసి, యెవరి వర్తమానమును వారికి జేర్చు సాధనమును ఆప్టికల్ ఫిల్టరు అందురు. తెనుగున కాంతిజల్లెడ యనుకొనవచ్చును. ఈ జల్లెడ యొకే వర్ణమునకు బిగింపబడియుండక, మనకు గావలసినపు డొక వర్ణమునుండి మఱియొకదానికి మార్చుకొనుటకు వీలైనదైనచో దానిని శ్రుతి చేయదగిన జల్లెడ యనవలెను. అట్టిదానిని ఫోటానిక్ స్ఫటికములతో నిర్మించు విద్యను గూర్చి నేడు కొన్ని మాటలు వ్రాయదలచితిమి.

ఇది ప్రయోగశాలలలోని పండితులు చూచుకొనవలసిన విషయము గదా, వారపత్రిక సంపాదకీయమున దీనికేమి పని యని కొందఱు పాఠకులు ప్రశ్నింపవచ్చును. మా సమాధానమును సూటిగనే చెప్పుదుము. ఈ జల్లెడ యొకనాడు మన గ్రామములలోని స్తంభములమీది పెట్టెలలోనికి రావలసినది. దానిని గూర్చి మన కళాశాలలలో ఏటేట ప్రజాధనముతో ప్రబంధములు వ్రాయబడుచున్నవి. మేము చూచినవానిలో వస్తురూపము దాల్చినవి మిక్కిలి యరుదు. ధనము ప్రజలది, పెట్టె ప్రజలది, ఆ పెట్టెమీద గాయు ఎండయు ప్రజలదే. కావున నీ విషయమున మాటలాడుటకు ప్రజాపత్రికకు నధికారము గలదని మా యభిప్రాయము.

ఫోటానిక్ స్ఫటిక మనగా నేమో తెలిసికొనగోరువారు ముందుగ నెమలిపింఛమును చేతబట్టి చూడవలెను. ఆ నీలమునకును ఆ పచ్చదనమునకును అద్దకపు రంగు కారణము కాదు. పింఛపు నూగులో మెలనిన్ కడ్డీలు వరుసగ, సమానమైన యెడములతో పేర్చబడియున్నవి. 2003వ సంవత్సరమున చైనాదేశపు శాస్త్రజ్ఞులు కొలిచి చూడగా, నీలవర్ణమున్న చోట నా యెడము సుమారు 140 నానోమీటర్లుగను, పచ్చనిచోట సుమారు 150 నానోమీటర్లుగను నుండెను. పది నానోమీటర్ల తేడాతో నీలము పచ్చయైనది! పదార్థ మొక్కటియే, ఎడము మాత్రమే మారినది. క్రమముగ బేర్చిన యమరికలో కాంతి ప్రవేశించినపుడు, ఆ యెడమునకు సరిపడు వర్ణము లోనికి బోలేక వెనుకకు తిరుగును. ఆ తిరిగి వచ్చిన కాంతియే మనము చూచు వర్ణము. ఓపల్ రత్నమున మెఱయు రంగులకును నిదే మూలము. ఓపల్ నిర్మాణమును గూర్చి సర్ చంద్రశేఖర వేంకట రామన్ గారు జయరామన్ గారితో గూడి 1953లో బెంగుళూరునుండి పరిశోధనపత్రమును బ్రకటించియుండిరి. బాల్యమున విశాఖపట్టణమునందు చదువుకొనిన రామన్ గారికి జీవితాంతమువఱకు వర్ణములమీది మోహము తీరలేదు. పక్షుల యీకలను, ముత్యపుచిప్పలను, మెఱయు స్ఫటికములను వారు వదలినది లేదు.

ఇచ్చట నొక్క మాట యదనముగ జెప్పవలెను. 1928లో రామన్ గారికి లోకఖ్యాతిని దెచ్చిన ప్రయోగము గూడ జల్లెడల ప్రయోగమే. ఒక వడపోతగాజు విడిచిన వర్ణమును రెండవ గాజు పూర్తిగ నడ్డగింపవలెను. రెంటిని జతచేసి చూచిన చీకటి తప్ప వేఱేమియు గనబడరాదు. కాని నడుమ ద్రవమును ఉంచి, దానివలన చెదరిన కాంతిని రెండవ గాజుగుండ జూడగా సన్నని వెలుగు గనబడెను. ఆ వెలుగే రామన్ ఫలితము. ఆ శాఖనుండియే కృష్ణామండలమువారైన సూరి భగవంతము గారు వచ్చిరి. వాల్తేరులో రంగధామరావు గారు వర్ణపటశాస్త్రమునకు ప్రయోగశాలలను నెలకొల్పిరి. కావున కాంతిని వడగట్టు విద్య మన కెవరో నిన్న మొన్న నోడమీద దెచ్చి దించినది కాదు.

క్రమమైన పొరలలో తరంగములు నడచు విధానమును 1887లోనే ఇంగ్లండునందు రేలీ ప్రభువు గణించియుండెను. సరిగ నూఱేండ్ల తరువాత 1987లో, కొద్దివారముల తేడాతో, ఒకే శాస్త్రపత్రికలో రెండు వ్యాసములు వెలువడెను. ఒకటి యెలీ యాబ్లొనోవిచ్ వ్రాసినది. రెండవది భారతసంతతివాడైన సజీవ్ జాన్ వ్రాసినది. పొరలు ఒక దిక్కున మాత్రమే గాక మూడుదిక్కులను క్రమముగ నుండునట్లు చేసినచో, కొన్ని వర్ణముల కాంతికి లోపల నే దిక్కునను దారి లేకుండ జేయవచ్చునని వారు చెప్పిరి. దారిలేని యా వర్ణసముదాయమును నిషిద్ధాంతర మందురు. ఫోటానిక్ స్ఫటిక మను శాస్త్రము ఈ రెండు వ్యాసములతో బుట్టినదని చెప్పుట వాడుక.

ఇక జల్లెడ యెట్లు పుట్టును? మాకు సులభమనిపించిన యుదాహరణము నెత్తుకొందుము. సిలికాన్ పొర యొకటి, సిలికా యనబడు గాజు పొర యొకటి, ఇట్లు ఒకదానిమీద నొకటి పేర్చవలెను. సిలికాన్ వక్రీభవన గుణకము 3.48, గాజుది 1.44. ఈ రెండును గలియు నొక్కొక్క హద్దునందును కాంతిలో నూటికి పదునేడు పాళ్లు వెనుకకు మఱలును. ఒక్కొక్క పొర మందమును తరంగములో నాలుగవవంతుగ జేసినచో, ఆ మఱలిన పాళ్లన్నియు నొక్క తాళమున గలిసి బలపడును. 1550 నానోమీటర్లకు లెక్కవేయగా సిలికాన్ పొర 111, గాజుపొర 269 నానోమీటర్లుగ దేలును. నాలుగే జతలతో నూటికి 99 పాళ్లకు మించి కాంతి వెనుకకు దిరుగును. బంగారు అద్దముకూడ నింత నమ్మకముగ బనిచేయదు.

అద్దము సిద్ధమైనది, కాని యద్దము జల్లెడ కాదు. జల్లెడకు రంధ్రము వలెను. ఆ రంధ్రమును దెచ్చునది లోపము. రెండు అద్దములను ఎదురెదురుగ నుంచి, నడుమ నొక సిలికాన్ పొరను మాత్రము రెట్టింపు మందముతో, అనగా సుమారు 223 నానోమీటర్లుగ, ఉంచినచో క్రమమున నొక భంగము గలుగును. నిషిద్ధమైన వర్ణములలో నొకే యొక్క వర్ణమున కా నడిమిపొరలో నిలుచుటకు చోటు దొరకును. ఆ వర్ణ మచ్చట ముందువెనుకల కెన్నియో మాఱులు దిరిగి, అవతలిప్రక్కకు దాటిపోవును. తక్కినవన్నియు గడపనుండియే మఱలును. క్రమమంతయు నడ్డగించుటకు, క్రమభంగ మొక్కటి దారి నిచ్చుటకు! ఇదియే రెండుదిక్కుల క్రమముగల సిలికాన్ పలకలలో జేయుదురేని, పలకనిండ 420 నానోమీటర్ల యెడముతో చిల్లులు పొడిచి, మూడు చిల్లులను మాత్రము పొడువక విడిచిపెట్టుదురు. ఆ విడిచిన తావే కాంతికి విడిది.

శ్రుతి చేయుట యనగా నా నడిమిచోటి కొలతను గాని గుణకమును గాని మార్చుట. తంబురా పట్టినవారి కిది వేఱుగ జెప్పనక్కఱలేదు. బిరడ త్రిప్పిన స్వరము పెద్దగ మారును. తీగ చివరనున్న పూసను జరిపిన సన్నగ మారును. స్ఫటికపు టెడములను, మందములను నిర్ణయించుట బిరడ త్రిప్పుటవంటిది. అది కర్మశాలలో నొక్కసారి జరిగిపోవును, మరల ద్రిప్పుటకు వీలులేదు. ఆ తరువాత మనచేతిలో మిగులునది పూస మాత్రమే. పూసను జరుపు మార్గములలో మిక్కిలి సులభమైనది వేడిమి. సిలికాన్ వేడెక్కినకొలది దాని గుణకము పెరుగును. డిగ్రీ యొక్కటికి వర్ణము 0.07 మొదలు 0.08 నానోమీటరువఱకు దీర్ఘతరంగముల వైపునకు జరుగును. పైన నొక సన్నని లోహపుబట్టీ నంటించి విద్యుత్తు పంపినచో జాలును. నూఱుడిగ్రీలకు ఏడెనిమిది నానోమీటర్లు దొరకును. కాని దూరవార్తలకు వాడు ముఖ్యమైన పట్టీ 1530 మొదలు 1565 వఱకు, అనగా 35 నానోమీటర్లు వ్యాపించియున్నది. దానినంతను వేడితోనే యీదవలెనన్న నాలుగువందల డిగ్రీలకు మించి కాగవలెను. కావున వేడిమి యన్నిపనులకు మందు కాదు. అయితే దీనికి తగిన పని యొకటి కలదు. దానిని ముందు జెప్పుదుము.

వేడిమి యందు మఱియొక గుణము గలదు. దానిని మఱచినవారి రచనలు కాగితముమీద నెంత చక్కగ నున్నను స్తంభముమీద నిలువవు. వేడిచేత వర్ణ మొకే వైపునకు జరుగును. మనము కాచగలము గాని చల్లార్పలేము. పరిశోధనాలయములో గది ఇరువది డిగ్రీలవద్ద చల్లగ నుండును. పల్నాటిలోని రెంటచింతలలో వేసవి పగటి వేడిమి 45 డిగ్రీలు దాటుట వింత కాదు. ధనుర్మాసపు రాత్రి 15 డిగ్రీల సమీపమునకు దిగవచ్చును. ముప్పదిడిగ్రీల యీ వ్యత్యాసముచేతనే జల్లెడ రెండు నానోమీటర్లకు పైగ జరిగిపోవును. అనగా నొకరికి రావలసిన వర్తమానమునకు బదులు, రెండు మూడిండ్ల కవతలివాని వర్తమానము వచ్చి వ్రాలును. తపాలా బంట్రోతు వేసవిలో నొక వీథికి, శీతకాలములో మఱియొక వీథికి ఉత్తరములు పంచినట్లుండును. దీనికి జేయవలసినది, జల్లెడను మొదటనే కావలసిన వర్ణమునకు గొంత హ్రస్వముగ నుండునట్లు కట్టి, మహాగ్రీష్మములో గూడ నింకను కాచుట కవకాశ ముంచుకొనుట. అప్పుడు శీతకాలమున విద్యుత్తు ఎక్కువ ఖర్చగును, ఒప్పుకొనవలెను. ఈ చిన్నలెక్క మేము చదివిన రచనలలో పెక్కింటియందు లేదు. ఆ రచనలలోని సిలికాన్ కు ఋతువులు లేవు!

ఇంతకన్న ముఖ్యమైన సంగతి తయారీలోని తప్పు. సిలికాన్ చిల్లులలో, దారులలో నొక్క నానోమీటరు కొలత తప్పినచో వర్ణము సుమారుగ నొక నానోమీటరు జరుగునని యనుభవజ్ఞుల మాట. పొరల యమరికలో నిది యింకను కఠినము. నడిమిపొర మందము ఒక్క నానోమీటరు తప్పినను వర్ణము అంతకు రెండింతలకు పైగా జరుగును. ఒక నానోమీటరు సిలికాన్ అనగా నాలుగైదు పరమాణువుల వరుస! ఏ కర్మశాలయు నిట్టి తప్పు లేకుండ వేలకొలది జల్లెడలను జేయజాలదు. కావున శ్రుతి చేయు శక్తి యనునది భోగవస్తువు కాదు, తయారీలో దొరలిన తప్పును దిద్దుకొను హక్కు. న్యాయస్థానములలో వ్యాజ్యపత్రమును సవరించుకొనుటకు ననుమతి యున్నట్లే, జల్లెడకును సవరణ హక్కు ఉండవలెను; కాని సవరణకు హద్దు గలదని న్యాయవాదులకు దెలియును. దావా స్వరూపమే మారిపోవు సవరణను కోర్టు ఒప్పదు. ఏడెనిమిది నానోమీటర్లకు మించిన తప్పును వేడిమియు నొప్పదు.

ఈ దృష్టితో చూచినపుడు నేటి రచయితలలో వ్యాపించిన యొక వెఱ్ఱి మాకు వింతగ దోచును. అది పదునుదనపు వెఱ్ఱి. జల్లెడ యెంత సన్నని వర్ణమును విడుచునో తెలుపు సంఖ్యను గుణాంక మందురు; తరంగదైర్ఘ్యమును, విడిచిన వర్ణపు వెడల్పుచే భాగించిన వచ్చునది. 2003లో జపానుదేశపు క్యోటోనందు నోదా గారి బృందము మూడుచిల్లులు విడిచిన పలకలో అంచుననున్న చిల్లులను కొంచెము బయటికి జరిపి, 45,000 గుణాంకమును సాధించిరి. అది మహత్కార్యమే, కాంతిని బంధించుటకు, సూక్ష్మపదార్థములను బసిగట్టుటకు నట్టిది యవసరము. కాని దూరవార్తల జల్లెడ కది పనికిరాదు. 45,000 గుణాంకమున్న జల్లెడ విడుచు వర్ణపు వెడల్పు 0.034 నానోమీటరు. సెకనుకు పదిగిగాబిట్ల వర్తమాన మందులో నిముడదు, అంచులు తెగిపోవును. వాకిలి సన్నగ నున్నంత మాత్రమున నది మంచి వాకిలి కాదు, పల్లకి పట్టవలెను గదా. 0.8 నానోమీటర్ల యెడముగల వర్ణములకు నాలుగువేల సమీపపు గుణాంకము చాలును. శిఖరము సూదిమొనవలె గాక అరుగువలె చదునుగ నుండవలెను. చదును రావలెనన్న రెండు మూడు లోపములను ప్రక్కప్రక్కన నుంచి, వాని నన్నిటిని నొకే శ్రుతికి దేవలెను. ఆ పని కష్టము, దానిలో ఘనమైన సంఖ్య చూపుటకు లేదు. అందుచేతనే కాబోలు, పెద్దసంఖ్యలు చూపువారు పెక్కురు, చదునుజేయువారు కొందఱు.

వేడిమిగాక యితరమార్గములు లేకపోలేదు. సజీవ్ జాన్ గారే కర్ట్ బుష్ తో గలిసి 1999లో, స్ఫటికపు సందులలో ద్రవస్ఫటికమును నింపి విద్యుత్ క్షేత్రముతో శ్రుతి చేయవచ్చునని సూచించిరి. ద్రవస్ఫటికపు టణువులు పక్కకు దిరిగినచో గుణకము 0.2 వఱకు మారును; వేడితో నింత రాదు. ద్రవస్ఫటిక విద్యయందు మనదేశము వెనుకబడినది కాదు. బిళ్లల యాకారముగల యణువులతో నేర్పడు ద్రవస్ఫటికములను 1977లో లోకమున మొదట గనుగొన్నది బెంగుళూరు రామన్ పరిశోధనాలయమున చంద్రశేఖర్ గారి బృందమే. సిలికాన్ లోనికి విద్యుదావేశములను జొప్పించి గుణకమును మార్చు మార్గమును సోరెఫ్, బెన్నెట్ అనువారు 1987లోనే లెక్కగట్టిరి. అది మిక్కిలి వేగవంతము, కాని జరుపగల దూర మల్పము, పైగ కాంతిలో గొంత మ్రింగివేయును. లిథియం నయోబేటు వేగమైనది, ఖర్చైనది. అద్దమునే విద్యుద్బలముతో కదల్చు యంత్రములును గలవు. ఇవన్నియు నుండగా ప్రకృతి యెడమును సాగదీయుటయే మేలని యెంచినట్లున్నది. మడగాస్కరు ద్వీపపు ఊసరవెల్లి చర్మములో గ్వానిన్ స్ఫటికకణముల జాలక మున్నదనియు, అది నెమ్మదిగ నున్నపుడు కణములు దగ్గఱగ నుండి పచ్చనగుననియు, ఉద్రేకము గలిగినపుడు ఎడము పెరిగి పసుపు, నారింజ వర్ణములు దాల్చుననియు జెనీవా పండితులు 2015లో బ్రకటించిరి. రాజకీయవాదులను ఊసరవెల్లితో బోల్చుట మానవలెనని మాకు దోచుచున్నది. దాని రంగు మార్పులో నొక నియమమైన నున్నది.

ఇక వేడిమికి దగిన పనిని జెప్పెదమని మాట యిచ్చియుంటిమి. గ్రామములకు గాజుతీగలను వేయుటకు జాతీయ పథకమును 2011లో కేంద్రప్రభుత్వ మామోదించెను. అదియే తరువాత భారత్ నెట్ అయినది. సామాన్యముగ నింటింటికి వచ్చు తీగలో పైనుండి దిగు వర్తమానమున కొక్క వర్ణము, పైకిబోవు దాని కొక్క వర్ణము. ఇందులకు బిగింపుజల్లెడ చాలును. కాని యిండ్లు పెరిగినకొలది నొక్క వర్ణము చాలదు. 2013 మొదలు అంతర్జాతీయ దూరవార్తాసంఘము కూర్చిన ప్రమాణమొకటి దిగువర్తమానములకు నాలుగు వర్ణములను నిర్ణయించెను. అవి 1596, 1603 నానోమీటర్ల నడుమ నున్నవి. ఒక్కొక్క వర్ణముమీద సెకనుకు పదిగిగాబిట్లు. ఇంటిపెట్టె ఈ నాలుగింటిలో దేనినైనను బిలుపు రాగానే యందుకొనగలిగి యుండవలెను. అనగా శ్రుతి చేయదగిన జల్లెడ ఒక్కొక్క పెట్టెలో నొకటి! పెద్ద కేంద్రములలో పదో యిరువదో జల్లెడలకు వేలకొలది రూపాయలు వెచ్చింపవచ్చును గాని, ఇంటింటికి వెచ్చింపజాలము. ఈ ప్రమాణము విరివిగ వ్యాపింపకుండుటకు శ్రుతిసాధనముల ఖరీదే యొక ముఖ్యకారణము.

పాఠకులు మాతో గూడ నొక్క లెక్క వేయవలెను. నాలుగు వర్ణములలో మొదటిదాని నుండి నాలుగవదానికి మూడు అడుగులు, అడుగునకు 0.85 నానోమీటరు చొప్పున 2.6. ఋతువుల వలన గలుగు జరుగుబాటు 2.3. రెండును గలిసి అయిదు నానోమీటర్లకు లోపు. నూఱుడిగ్రీల కాకలో మనకు దొరకునవి ఏడెనిమిది. మిగిలినవి రెండు మొదలు మూడు. తయారీవాడు ఈ రెండుమూడింటిలోపల తప్పు చేయవచ్చును, అంతకు మించరాదు. ఇదిగో రచయితకు సమస్య! ఇది యసాధ్యము కాదు, సులభమును కాదు, మన యెండకు సరిపోవునట్లు అడుగబడిన ప్రశ్న.

ఈ పనికి రంధ్రముల పలక మేలా, పొరల యద్దము మేలా యను ప్రశ్నకు మేము పొరల పక్షమున నిలుతుము. పలకలో బోవు కాంతి యొకే కంపనదిశ గలదై యుండవలెను. తీగనుండి వచ్చు కాంతి యే దిశను గంపించునో యెవరికి దెలియును? దాని నిరుపాయలుగ జీల్చి మరల గలుపవలసివచ్చును. పొరలకు నిలువుగ దగులు కాంతి కీ బాధ లేదు. మఱియు పొర పెరుగుచుండగనే దానిగుండ కాంతిని బంపి, మందమును కొలిచి, సరియైన క్షణమున నాపవచ్చును. పొడిచిన చిల్లును మరల పూడ్చి పొడువజాలము. ఒక పలకమీద వేలకొలది తునకలు దేలును. అందులో శ్రుతి హద్దులోనున్నవానిని ఏఱుకొని తక్కినవి విడిచిపెట్టవచ్చును. ఉష్ణశ్రుతిగల సిలికాన్ పొరల జల్లెడలను అమెరికాలో ఇరువదియేండ్ల క్రిందటనే చేసి విక్రయించిరి. పొరల విద్య పాతది, చూపున కాడంబరము లేనిది. సభలలో దానిని జూపి చప్పట్లు కొట్టించుకొనుట కష్టము.

మన కేమి లోటు? పుస్తకము లోటు కాదు. ఈ శాస్త్రమునకు ప్రమాణగ్రంథమైన జొయనోపులోస్ గారి రచన రెండవకూర్పు 2008లో వెలువడగా, దానిని గ్రంథకర్తలే యుచితముగ నందఱకు నందుబాటులో నుంచిరి. లెక్కవేయు సాధనములు లోటు కావు. మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున బుట్టిన రెండు గణనసాధనములను ఎవరైనను వెల లేకుండ దెచ్చుకొనవచ్చును. భీమవరమునందో, నల్లగొండయందో నున్న విద్యార్థి నేటిరాత్రి నిషిద్ధాంతరమును గణించి రేపు తెల్లవారునప్పటికి చిత్రము గీయగలడు. గీయుచున్నాడు కూడ. అచ్చటితో నాగిపోవుచున్నాడు. వ్యాజ్యపత్ర మెంత చక్కగ వ్రాసినను సాక్ష్యము లేనిచో డిక్రీ రాదు. గణనచిత్రము వ్యాజ్యపత్రము, చేసి చూపిన తునక సాక్ష్యము. మన విశ్వవిద్యాలయములు పెక్కుచోట్ల వ్యాజ్యపత్రముల సంఖ్యనుబట్టియే పట్టములను, పదోన్నతులను పంచుచున్నవి.

చేయుటకు తావు లేదని యనరాదు. బెంగుళూరు విజ్ఞానమందిరమునందును బొంబాయి ఐ.ఐ.టి. యందును ఉన్న నానో నిర్మాణశాలలలో ఇతర కళాశాలలవారు పనిచేసికొనుటకు 2008లోనే కేంద్రప్రభుత్వ సహాయముతో నొక యేర్పాటు మొదలైనది. మద్రాసు ఐ.ఐ.టి.లో సిలికాన్ ఫోటానిక్సు కేంద్రము గలదు. మొహాలీలోని సెమీకండక్టరు శాలలో 180 నానోమీటర్ల తరగతి చిప్పులను జేయు యంత్రములు కలవు. ఐరోపాలో నీ తరగతి ముద్రణయంత్రములతోనే ఫోటానిక్ స్ఫటికపు చిల్లులను అచ్చువేసి చూపిరి. 2021 డిసెంబరులో చిప్పుల పరిశ్రమకై కేంద్రప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల పథకమును బ్రకటించెను. దానిలో మూడు నానోమీటర్లు, రెండు నానోమీటర్లు అను పందెమును గూర్చియే జనము మాటలాడుచున్నారు. కాంతిజల్లెడకు నంత సన్నని గీత అక్కఱలేదు. 240 నానోమీటర్ల చిల్లు చాలును, లేక 223 నానోమీటర్ల పొర చాలును. దానికి వలసినది సన్నదనము కాదు, నిలుకడ. పాతయంత్రముతో నిలుకడగ బనిచేయుట నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి పాఠము మాకు దెలిసినంతవఱకు లేదు.

కొందఱు విజ్ఞులు, ఈ పెట్టెలన్నియు విదేశములనుండి కొనవచ్చును గదా యందురు. కొనవచ్చును; చాలకాలముగ గొనుచునే యున్నాము. కాని మన గ్రీష్మమును తన లెక్కలో వేసికొనని వస్తువును కొన్నపుడు దానికి చలువగది కూడ మనమే కట్టింపవలసివచ్చును. పేటెంట్ల విషయము గూడ నాలోచింపవలసినది. 1970నాటి పేటెంటు చట్టము 83వ సెక్షను, పేటెంటు నిచ్చుట యా కల్పన మనదేశమున వాణిజ్యపరిమాణమున నమలులోనికి వచ్చుటకే యని స్పష్టముగ జెప్పుచున్నది. పేటెంటుదారుడు తన కల్పనను ఇచ్చట నమలు పఱచెనో లేదో 146వ సెక్షను ననుసరించి 27వ ఫారములో తెలుపవలెను. పరదేశపు పేటెంటుదారుని మనమీ ప్రశ్న యడుగుచున్నాము, సంతోషము. ప్రజాధనముతో జల్లెడను రచించిన మన స్వంత పరిశోధకుని మాత్రము అడుగుటలేదు. ప్రతి ప్రబంధముతోను ఒక పుటగల యట్టి ఫారమును జతపఱపవలెనని మా సూచన. చేసితిరా? చేసినచో గణించిన వర్ణమునకును కొలిచిన వర్ణమునకును ఎన్ని నానోమీటర్ల తేడా వచ్చెను? దానిని శ్రుతి చేసి దిద్దగలిగితిరా? చేయనిచో నేల చేయలేదు? ఈ నాలుగు ప్రశ్నలకు నిజము జెప్పిన చాలును, శిక్ష యక్కఱలేదు. తేడా ఎక్కువ వచ్చినవానిని అవమానింపరాదు. ఆ తేడాలే ముందువానికి పాఠము.

ప్రభుత్వమువారు చేయదగిన పనియు నొకటి యున్నది. ఒక పలకమీద ఇరువది ముప్పది కళాశాలల రచనలను ప్రక్కప్రక్కన నచ్చువేయించి, ఖర్చును అందఱకు బంచు పద్ధతి యితరదేశములలో నెన్నాళ్లనుండియో నున్నది. ఏటికి రెండుమాఱులు, చెప్పిన తేదికి తప్పక, తెలుగునాటి కళాశాలలకై యట్టి పలకను రెండు రాష్ట్రప్రభుత్వములును గలిసి యచ్చువేయింపవలెను. వచ్చిన తునకలను కొలుచుటకు వాల్తేరునను హైదరాబాదునను నొక్కొక్క కొలతగది తెఱచియుంచి, రాత్రులందును విద్యార్థులకు బ్రవేశ మీయవలెను. పిమ్మట మిగిలిన తునకలలో మంచివానిని ఏఱి, ఒక పెట్టెలో బెట్టి, వైశాఖమాసమున రెంటచింతలలో నొక స్తంభమునకు గట్టవలెను. మిట్టమధ్యాహ్నము నాలుగు వర్ణములను వరుసగ బిలిచి, యే వర్ణమునకు బలికినదో, యెంత విద్యుత్తు త్రాగినదో వ్రాసికొనవలెను. మరల ధనుర్మాసమున తెల్లవారుజామున నదే పెట్టెను అదే వరుసతో బిలువవలెను. ఆ రెండు కాగితములను మాకు బంపినచో, ఈ పుటలోనే అచ్చువేయుదుము.